జూడోనా, కరాటేనా, కర్రసామా? వైకల్యం ఉన్నవారికి ఏది మేలు

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా ఆత్మరక్షణ నేర్చుకుందామని బయల్దేరితే మొదట కంటబడేది కరాటే బోర్డే. కర్రసాము జాతర్ల పుణ్యమా అని ఇంకా బతికుంది. జూడో నేర్పే చోటు మాత్రం వెతుక్కోవాలి. ఇంటికి దగ్గరని కరాటేలో చేరేముందు ఒకటి చూసుకోండి: మీ ఒంట్లో నమ్మకంగా పనిచేసే భాగమేది, నిలకడ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎంపిక దాన్నిబట్టే జరగాలి.

చూపు లేనివారి విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు, జూడోనే. చొక్కా పట్టు దొరికిందంటే ఎదుటివాడి బరువు ఎటు వాలుతోందో చేతులకే తెలిసిపోతుంది. అంధుల జూడోలో ఇద్దరూ పట్టు పట్టాకే ఆట మొదలుపెడతారు. ఇది 1988 సియోల్ నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. 2024 పారిస్‌లో మన దేశపు కపిల్ పర్మార్ కాంస్యం గెలిచింది ఇందులోనే. కరాటేలో వచ్చే గుద్దు కనబడితేనే అడ్డుకోగలం.

వీల్‌చైర్‌లో ఉన్నవారికి లెక్క మారుతుంది. కరాటే గుద్దుకు బలం నేలమీది పాదం నుంచి, నడుము తిప్పడం నుంచి వస్తుంది. కూర్చున్నవారికి భుజం, మొండెం మాత్రమే మిగులుతాయి. బ్రేకు వేయకుండా గుద్దితే కుర్చీ వెనక్కి జరిగి సగం దెబ్బ గాలికి పోతుంది. బ్రేకు వేసి మరీ ముందుకు వంగితే మనమే బోర్లా పడతాం. అందుకని బ్రేకు వేసి, ఒక చేత్తో కుర్చీ గట్టిగా పట్టుకుని, రెండో చేతి అరచేతి మొదలుతో దగ్గర దెబ్బ కొట్టాలి. ఎదుటివాడి ముఖం అందదు, అందనక్కర్లేదు కూడా. మన చేతికి సరిగ్గా ఎదురుగా ఉండేది వాడి పొత్తికడుపే.

జూడోలో నిలబడి విసిరే ఎత్తులు వీరికి పనికిరావు. పట్టు విడిపించుకోవడం, పడటం రెండూ పనికొస్తాయి. మణికట్టు పట్టుకుంటే వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్యనున్న సందులోంచి చెయ్యి లాగాలి. ఎవరైనా వెనక పిడులు పట్టి కుర్చీని వెనక్కి పడదోస్తే గడ్డం ఛాతీకి ఆనించి, మోకాళ్లు ముఖానికి తగలకుండా ఒక చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. చెయ్యి వెనక్కి ఆనించారో, మణికట్టు విరుగుతుంది. ఇది మందపాటి మ్యాట్ మీద, ఇద్దరు కుర్చీ పట్టుకుని మెల్లగా దించుతుండగానే సాధన చేయాలి. వెన్నుపాము దెబ్బతిన్నవారి కాళ్ల ఎముకలు పలచబడి ఉంటాయి, విరిగినా నొప్పి తెలియదు. ప్రతి క్లాసు తర్వాత కాళ్లు వాచాయేమో కళ్లతో చూసుకోవాల్సిందే.

కాలిపర్ (కాలికి ఆసరాగా కట్టే పట్టీల చట్రం), చేతికర్రలతో నడిచేవారికి మా ఓటు కర్రసాముకే, అదీ కొంత కోతపెట్టి. ఆరడుగుల కర్ర రెండు చేతులా తిప్పుతూ అడుగులు మార్చడం వీరివల్ల కాదు, బజారులో అంత చోటూ ఉండదు. రెండడుగుల పొట్టికర్రతో పొడవడం, మణికట్టు మీదా కాలి ముందెముక మీదా కొట్టడం, ఈ మూడూ చాలు. ఊతకర్రనే ఎత్తితే ఊతం పోతుంది గనక ముందు గోడకు వీపు ఆనించాలి. మోచేతి కర్ర పైపట్టీ చుట్టూ మూసుకుపోయే రకమైతే ఇంకో ప్రమాదం: ఎదుటివాడు కర్ర మెలిపెడితే మన చెయ్యి కూడా మెలితిరుగుతుంది. ముందు వైపు తెరిచి ఉండేదే నయం. అడుగు రబ్బరు అరిగితే గచ్చు మీద జారుతుంది, మార్చేయండి. మోకాలు లాక్ వేసిన కాలిపర్‌తో పడేటప్పుడు కాలు మడవడం కుదరదు, అందుకే పక్కకు దొర్లుతూ పడటం నేర్వాలి. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కునిచ్చాయి గానీ అవసరానికి మించిన దెబ్బకు కాదు. వాడు పారిపోతుంటే వెంటబడి బాదొద్దు.

పోలియో వచ్చినవారు ఆయాసపడేదాకా చేయకూడదు. మర్నాటికీ తగ్గని నీరసం ఉంటే సాధన తగ్గించాలి.

కృత్రిమ కాలున్నవారు ఆ పాదం మీద గిరుక్కున తిరగకూడదు; సాకెట్ (మిగిలిన కాలిని దూర్చే తొడుగు) లోపల చర్మం ఒరుసుకుపోతుంది. ఇరవై నిమిషాలకోసారి కాలు తీసి చూడండి. ఎరుపు ఎంతసేపటికీ తగ్గకపోతే తప్పు సాకెట్‌ది, తిరుపతిలోని బర్డ్ ఎముకల ఆసుపత్రి లాంటి చోట సరిచేయించుకున్నాకే మళ్లీ సాధన.

చేతి వైకల్యానికి తైక్వాండో, అంటే ఎక్కువగా కాళ్లతో తన్నే కొరియా విద్య, బాగుంటుంది. టోక్యో పారాలింపిక్స్‌లో ప్రవేశపెట్టింది కూడా వీరికోసమే. ఆ పోటీల్లో తలమీద తన్నడం నిషిద్ధం. వీధిలోనూ మోకాలి కింద తన్ను చాలు.

ఏది ఎంచుకున్నా చేరేముందు మాస్టారి దగ్గర ఒక క్లాసు చూడండి. మొదటి నెలంతా కటాలూ (ఎదుట మనిషి లేకుండా చేసే వరుస కదలికలు) బెల్టు పరీక్షలే అంటే మరో చోటు వెతుక్కోండి. మెట్లున్నాయో లేదో, వీల్‌చైర్ పట్టే బాత్రూం ఉందో లేదో అప్పుడే చూసుకోండి. వెన్నుపాము దెబ్బ పైభాగంలో ఉన్నవారికి చెమట సరిగా పట్టదు; మన ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడు లోపు ముగిసే బ్యాచే అడగండి.