నాందేడ్‌ల ఇంకుడు బోరు పని చేయించినం, మా గల్లీ రివ్యూ

గోదావరి పక్కన మా తెలుగోళ్ల గల్లీకి, గుడికి కలిపి వాననీళ్ల పని చేయించినం. డాబాల మీది నీళ్లు పైపులతోటి గుడి కాడి సంపుకు, అది నిండినంక మిగిలినయి, నీళ్లను భూమిలకు దింపే ఇంకుడు బోరుకు. ఒక వానాకాలం గడిచింది, చూసింది చూసినట్టు రాస్తున్న.

మా గల్లీ మునిగేది నది గట్టు దాటి వచ్చి కాదు. పైన విష్ణుపురి డ్యాం నిండితే గేట్లు ఎత్తుతరు, గోదావరి పెరుగుతది, అప్పుడే ఇక్కడ గూడ వాన దంచితే నాలా నీళ్లు నదిల పడేందుకు జాగ దొరకదు, ఎనుకకు తన్ని మోరీలకెళ్లి ఇండ్లల్లకు వస్తయి. ఆ కొన్ని గంటలు ఎన్ని నీళ్లు మోరీల పడకుండ ఆపితే అంత మేలు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 9 వేల లీటర్ల పైనే, ఇగ గల్లీ మొత్తానికి లెక్కేసుకోండి.

మేస్త్రీకి పని తెలుసు. మా దిక్కు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతది, నీళ్లు దిగనియ్యది, ఉత్త గుంత తీసి కంకర పోస్తే నీళ్లు నిలుస్తయి గానీ ఇంకయి. అందుకే రేగడి, మొరం దాటి పగుళ్ల రాయి తగిలేదాంక బోరు దింపి, చిల్లుల పైపు వేసి, చుట్టు గుంతల కింద బండరాళ్లు, మీద 40 ఎంఎం కంకర, ఆపైన దొడ్డు ఇసుక పోసిండు, ట్యాంకర్ నీళ్లు పోసి ఎంతసేపట్ల దిగుతున్నయో మా ముందటనే చూపిచ్చిండు. తొలి వాన మురికి బయటికి వదిలే వాల్వు గూడ పెట్టిండు. మోరీ నీళ్లు గూడ బోరుకే కలపమని కొందరు అడిగితే ససేమిరా అన్నడు, చుట్టుపక్కల బోర్లన్ని ఖరాబైతయని. కరెక్టే గదా.

కోపమొచ్చింది ఒక్కదానికే. తవ్విన రేగడిని గల్లీలనే కుప్పవోసి పోయిన్రు, తొలి వానకే అది కొట్టుకవోయి మోరీ పూడింది, వరద తగ్గించనీకి వచ్చి మోరీ పూడిస్తే ఎట్ల? ఫోన్ మీద ఫోన్ చేస్తే గానీ రాలే. ఏటా ఇసుక కడిగే సంగతి గూడ బిల్లుల లేదు. యూపీల రాంపూర్ జిల్లా జివాయ్ జదీద్‌ల 2015ల ఊరి చెరువుల 10 రీచార్జ్ బావులు తవ్వి వానాకాలం మిగులు నీళ్లు భూమిలకు దింపిన్రు, అసొంటి దాంట్ల గూడ ఒండ్రు తియ్యకపోతే నీళ్లు దిగుడు తగ్గుతది.

భాద్రపదంల పెద్దవానకు గల్లీల నీళ్లు నిలిచినయి, కానీ గడప దాటలే. ఇదంత దీని పుణ్యమే అనను, పక్క గల్లీలోళ్లు గూడ చేస్తేనే నాలాకు బరువు తగ్గేది. సంపు నిండుగ ఉంటే వరదకు అక్కరకు రాదు కాబట్టి విష్ణుపురి గేట్లు ఎత్తుతున్నరని తెలియంగనే సగం నీళ్లు ఇండ్ల డ్రమ్ములకు, గుడి చెట్లకు పంచుతున్నం. గణపతి నిమజ్జనం తొట్టి నింపింది, బతుకమ్మ ఆడే జాగ కడిగింది గూడ ఆ నీళ్లతోనే, ట్యాంకర్ పిలువలే.

ఐదుకు నాలుగు ఇస్త. చేయించుకునేటోళ్లు మట్టి ఎత్తుడు, ఏటేటా ఇసుక కడుగుడు బిల్లుల రాయించుకోండి, మృగశిర కార్తె రాకముందే పని ఒడగొట్టుకోండి, తర్వాత ఆ మేస్త్రీ దొరకడు.