జాగ్రత్త! "నీళ్లు తగ్గించి పెంచిన" అశ్వగంధ పొడి కొనేముందు ఇది చదవండి

ఆన్‌లైన్ ప్రకటన చూసి బోల్తా పడ్డాను. "మా మొక్కలకు కావాలనే నీళ్లు తగ్గిస్తాం, కష్టపడి పెరిగిన మొక్కలో మందు గుణం రెట్టింపు" అని రాశారు. బాటనీ చదివినవాణ్ణి కాబట్టి ఇంకా సులువుగా పడ్డాను. ఎందుకంటే అందులో సగం నిజమే.

మొక్క లేచి పారిపోలేదు కదా. పురుగు కొరికినా, నీళ్లు చాలకపోయినా నిలబడ్డ చోటే కాచుకోవాలి. కొరికినప్పుడు జాస్మోనిక్ ఆమ్లం, దప్పికైనప్పుడు ఆబ్సిసిక్ ఆమ్లం లోపల పెరిగి మొక్కంతటికీ కబురు పెడతాయి. ఆ కబురుతో చేదు, ఘాటు రసాయనాల తయారీ ఊపందుకుంటుంది. మనం మందు అనేది చాలాసార్లు వాటినే. అశ్వగంధలో అవి వితనోలైడ్లు. ఓ మోస్తరు నీటి ఎద్దడిలో వాటి శాతం పెరగొచ్చు. ఎద్దడి ముదిరితే మాత్రం మనకు కావలసిన వేరు లావెక్కదు, శాతం పెరిగినా మొత్తం మీద వచ్చే మందు తగ్గుతుంది. పైగా రకం, వయసు, తవ్విన సమయం, ఎండబెట్టిన తీరు, అన్నీ లెక్కలోకి వస్తాయి. అలాంటప్పుడు "రెట్టింపు" అని ముందే అచ్చేయడం ఎలా కుదురుతుంది? ఈ ప్రశ్న నాకు డబ్బు కట్టాక తట్టింది!

ప్యాకెట్ విప్పాను. వేరు పొడి లేత గోధుమ రంగులో ఉండాలి, ఇదేమో ఆకుపచ్చగా ఉంది. తెల్లకాగితం మీద పల్చగా పరిచి భూతద్దంతో చూస్తే ఆకు ఈనెల ముక్కలు కనిపించాయి. పేరులోనే గుర్రం వాసన ఉన్న వేరు, ఎండుగడ్డి వాసన కొట్టింది.

ల్యాబ్ పరీక్ష రిపోర్టు అడిగితే "మొత్తం వితనోలైడ్లు" అంటూ ఘనమైన అంకె ఒకటి పంపారు. మొక్కలో ఏ భాగానిదో రాయలేదు. బ్యాచ్ నంబరు నా ప్యాకెట్‌ది కాదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. వితాఫెరిన్-ఎ అనే వితనోలైడ్ వేరులో కంటే ఆకులో ఎక్కువ. ఆకు కలిపితే అంకె దానంతటదే పెరుగుతుంది, దాన్ని ఎద్దడి ఖాతాలో రాసేసుకోవచ్చు. కానీ వేరు వాడమన్నచోట ఆకు మింగితే అది వేరే మందే.

వాపసు అడిగితే "విప్పిన ప్యాకెట్ తీసుకోం" అన్నారు. విప్పకుండా రంగు ఎలా తెలుస్తుందో మరి.

కొనక తప్పదనుకుంటే, ముందే మీ బ్యాచ్ రిపోర్టు అడగండి. అందులో "వేరు" అని ఉండాలి, వితాఫెరిన్-ఎ విడిగా చూపాలి. ఎద్దడి గొప్ప చెప్పుకునేవాళ్లయితే, మామూలుగా నీళ్లు పెట్టిన పంట అంకె కూడా పక్కన పెట్టమనండి. నీళ్లు నమిలితే వదిలేయండి.

నా ప్యాకెట్‌ను సీలు చేసి బయటి ల్యాబ్‌కు పంపుతున్నాను. మీ దగ్గరున్న పొడి కూడా పచ్చగా ఉంటే ప్రస్తుతానికి వాడకం ఆపండి.