డాలస్‌లో సీడీఎల్ స్కూల్ రివ్యూ: రైట్ టర్న్ ఒక్కదాని కోసమైనా చేరొచ్చు

డాలస్ చుట్టుపక్కల ట్రక్కు లైసెన్సుకు, అంటే క్లాస్ ఏ సీడీఎల్‌కు, ఏ స్కూల్ బాగుంటుందని మనవాళ్లు అడుగుతూనే ఉంటారు. హచిన్స్ వైపు గోడౌన్ల మధ్య ఉన్న ఈ స్కూల్లో నేను నేర్చుకున్నాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఐదుకు నాలుగు స్టార్లు. ఆ నాలుగూ జంక్షన్‌లో కుడికి తిరగడం వీళ్లు నేర్పిన తీరుకే.

ఇక్కడికి రాకముందు చీమకుర్తి నుంచి గ్రానైట్ బ్లాకులు ఎక్కించుకుని కృష్ణపట్నం, చెన్నై పోర్టులకు ట్రైలర్ తోలేవాణ్ణి. మన దగ్గర ఎడమ పక్క నడుస్తాం, అందుకే ఇరుకు మలుపు ఎడమదే. ఆ పక్కన క్లీనర్ ఉంటాడు. తల బయటపెట్టి, డోర్ మీద చరుస్తూ "రానీ, రానీ... ఆగన్నా" అంటాడు. ఇక్కడ అంతా తారుమారు. డ్రైవర్ సీటు ఎడమన, ఇరుకు మలుపు కుడిన, ఆ పక్కన చూసి చెప్పే మనిషే లేడు. పైగా ట్రైలర్ 53 అడుగులు. ముందు దాన్ని లాగే ఇంజిన్ భాగం, అంటే ట్రాక్టర్‌తో కలిపితే దాదాపు 70 అడుగుల బండి. లేన్ వెడల్పు మామూలుగా 12 అడుగులే.

2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తగా ఈ లైసెన్సు తీసుకునేవాళ్లు ఫెడరల్ రిజిస్ట్రీలో, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదైన స్కూళ్ల జాబితాలో, ఉన్న చోట ట్రైనింగ్ పూర్తి చేస్తేగాని స్కిల్స్ టెస్టుకు, అంటే బండి నడిపి చూపించే పరీక్షకు, రానివ్వరు. థియరీలో 80 శాతం రావాలి. అయితే బండి మీద కనీసం ఇన్ని గంటలు నేర్పాలన్న లెక్క ఫెడరల్ రూల్లో లేదు. స్కూలుకీ స్కూలుకీ అంత తేడా అందుకే. టెస్టు ఇచ్చే రూటును నాలుగుసార్లు తిప్పి పంపేసే చోట్లు ఉన్నాయని వేరేచోట నేర్చుకున్న ఫ్రెండ్స్ చెప్పారు.

ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్ చాలా ఏళ్లు లాంగ్ హాల్, అంటే దూరాల ట్రిప్పులు, తోలిన పెద్దాయన. మొదట రోడ్డు మీదికి తీసుకెళ్లలేదు. యార్డులో కోన్లు పెట్టి రోడ్డు మూల తయారు చేశాడు. ట్రైలర్ వెనక చక్రాలను, వీళ్లు టాండెమ్స్ అంటారు, పిన్నులు లాగించి పూర్తిగా వెనక్కి జరిపించాడు. టాండెమ్స్ ఎంత వెనక్కి ఉంటే మలుపులో ట్రైలర్ అంత లోపలికి కోస్తుంది. కష్టమైనది ముందు చూడండి అన్నాడు. తర్వాత ట్రాక్టర్ ముందు టైర్ల మీదా, ట్రైలర్ టైర్ల మీదా బకెట్‌తో నీళ్లు పోయించి, ఒకణ్ణి నెమ్మదిగా కుడికి తిప్పమని, మిగతావాళ్లని కింద నిలబెట్టాడు. కాంక్రీటు మీద తడి గీతలు పడ్డాయి. ముందు టైరు గీత కోన్‌కి ఎంతో దూరంగా, గుండ్రంగా పోయింది. ట్రైలర్ టైరు గీత మాత్రం కోన్ వైపు ఒరుసుకుంటూ వచ్చింది. ఆ రెండు గీతల మధ్య నన్ను నిలబడమన్నాడు. ఒక సైకిల్, దాని పక్కన ఒక మనిషి హాయిగా పట్టేంత చోటు అది. టెక్సస్ ఎండకి ఐదు నిమిషాల్లో గీతలు ఆరిపోయాయి, మళ్లీ నీళ్లు పోయించాడు. ఆన్‌లైన్ థియరీ వీడియోలో ఇదే సంగతి బొమ్మతో ఉంది, కానీ అది చూసి నాకు ఏమీ ఎక్కలేదు.

రోడ్డు మీద ఆయన పట్టుబట్టేది ఒకటే: తిరగడానికి ముందు ఎడమకి కొట్టొద్దు. బండి ఎడమకి జరిగితే వెనక కారువాడు మనం ఎడమకి పోతున్నామనుకుని కుడి సందులో దూరతాడు. సరిగ్గా అక్కడికే ట్రైలర్ వస్తుంది. ట్రైలర్ వెనక భాగాన్ని కుడి అంచుకి దగ్గరగా ఉంచి, కారు పట్టే సందు ఇవ్వకుండా, జంక్షన్‌లోకి నేరుగా కొంచెం ఎక్కువ దూరం పోయి అప్పుడు తిప్పాలి. దీన్ని బటన్‌హుక్ అంటారు. ముందే ఎడమకి ఊగడం జగ్‌హ్యాండిల్, అది చేస్తే ఆయనకి కోపం వస్తుంది.

వెడల్పు కావాలంటే తిరిగే రోడ్డులో అవతలి లేన్ వాడుకోవాల్సి వస్తుంది. అక్కడ గీత దగ్గర కారు ఆగి ఉంటే అది కదిలేదాకా మనమే ఆగాలి. దారి ఇవ్వడానికి రివర్స్ మాత్రం వేయకూడదు, వెనక ఎవరున్నారో కనపడదు. రెడ్ లైట్‌లో ఆగి కుడికి తిరగడం టెక్సస్‌లో చట్టమే ఒప్పుకుంటుంది కానీ, చోటు లేకపోతే గ్రీన్ వచ్చేదాకా కూర్చోమంటాడు. వెనక హారన్లు కొడుతుంటే నాకు టెన్షన్ వచ్చేది. ఆయన మాత్రం కాఫీ తాగుతూ "నీ కుడి అద్దం చూడు" అనేవాడు.

ఆ అద్దం సంగతి కూడా చెప్పాలి. బండి బాగా తిరిగాక మామూలు అద్దం నిండా ట్రైలర్ పక్క గోడే కనిపిస్తుంది, చక్రాలు కనపడవు. బానెట్ మీదున్న గుండ్రటి అద్దమే చక్రాలను చూపిస్తుంది, అందులో ప్రతిదీ ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తుంది. అందుకే ప్రతి స్టూడెంట్ సీటు ఎక్కగానే అద్దాలు తనకి సరిపెట్టుకునేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయనివ్వడు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, బండికి నలుగురిని ఎక్కిస్తారు. మన వంతు కోసం ఎదురుచూపులే ఎక్కువ. బ్యాకింగ్‌కి ఇచ్చే టైం చాలదు. బళ్లన్నీ ఆటోమేటిక్. ఆటోమేటిక్‌లో టెస్ట్ ఇస్తే లైసెన్సు మీద మాన్యువల్ గేరు బండి తోలకూడదన్న షరతు పడుతుంది. వేల డాలర్ల ఫీజు కట్టించుకునేటప్పుడు ఆఫీసులో ఈ మాట చెప్పాలి, చెప్పలేదు. ఇది నాకు నచ్చలేదు.

నేర్చుకునేవాళ్లకిచ్చే పర్మిట్ చేతికొచ్చాక 14 రోజులు ఆగితేగాని స్కిల్స్ టెస్టుకు పోలేరు, కాబట్టి ముందు పర్మిట్ తెచ్చుకుని చేరండి. యార్డు ట్రైనింగ్‌కి పొద్దున బ్యాచ్ అడగండి. నీళ్ల బకెట్ పాఠం చెప్పే పెద్దాయన ఆ బ్యాచ్‌లోనే ఉంటాడు, మధ్యాహ్నం యార్డులో నిలబడటానికి నీడ కూడా ఉండదు.