రేణిగుంట జంక్షన్: ఇరవై రెండేళ్ల సీజన్ టికెట్ ప్రయాణికుడి సమీక్ష

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి ఇరవై రెండేళ్లపాటు సీజన్ టికెట్ మీద ఉద్యోగానికి వెళ్లివచ్చాను. తిరుపతికి ముందు వచ్చే ఆగుచోటుగా మాత్రమే ఈ స్టేషన్‌ను చూసేవారు నాలుగు వైపులకూ రైలు మారగల కూడలిగా దాని అసలు ఉపయోగాన్ని వదులుకుంటున్నారని నా అభిప్రాయం.

ఆ ఉపయోగం దాని పుట్టుకలోనే ఉంది. మద్రాసు రైల్వే కంపెనీ 1861లో అరక్కోణం నుంచి వాయవ్యంగా మొదలుపెట్టిన మార్గం 1862లో రేణిగుంటకు చేరి, 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు మార్గంతో కలిసింది. మద్రాసును బొంబాయితో కలపడమే ఉద్దేశం కనుక, పట్టాలు తిరుపతిని పది కిలోమీటర్ల దూరంలో వదిలి, మామండూరు, బాలపల్లె అడవుల మీదుగా కడప వైపు సాగిపోయాయి. తర్వాత 1890లలో కాట్పాడి–గూడూరు మీటర్ గేజ్ మార్గం తిరుపతి మీదుగా వచ్చి ఇక్కడ పాత బ్రాడ్‌గేజ్‌ను కలిసింది. పట్టాల నడుమ వెడల్పు బ్రాడ్‌గేజ్‌కు 1,676 మిల్లీమీటర్లు, మీటర్ గేజ్‌కు 1,000 కావడంతో ఒక మార్గం పెట్టెలు రెండోదాని మీద నడవవు. మా నాయనమ్మ రాజంపేట నుంచి మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరినప్పుడల్లా, మూటలు దించుకుని రేణిగుంటలో బండి మారడమే యాత్రలో పెద్ద ఘట్టమని చెప్పేది.

ఇప్పుడు అన్నీ బ్రాడ్‌గేజ్ మార్గాలే. అరక్కోణం, కడప, గూడూరు, తిరుపతి అనే నాలుగు దిక్కులకూ ఇక్కడ రైలు దొరుకుతుంది. తిరుపతిలోకి వెళ్లకుండా చెన్నై, ముంబై నడుమ సాగిపోయే బండ్లు కొన్ని ఇక్కడ ఆగుతాయి కనుక, తిరుపతికి టికెట్ దొరకనివారు రేణిగుంటకు వెతకడం మేలు. విమానాశ్రయం కూడా ఈ ఊరి దగ్గరే ఉంది.

నాలుగు దారులు కలిసేచోట ఒక బండికి దారి ఇవ్వాలంటే మరొకటి ఆగక తప్పదు. సాయంత్రం నేను ఎక్కే ప్యాసింజరు ఔటర్ సిగ్నల్ దగ్గర నిలబడిన రోజులు ఎన్నో ఉన్నాయి. అందుచేత ఇక్కడ మరో రైలు అందుకోవలసినవారు కనీసం గంట వ్యవధి ఉంచుకోవాలి.

రాత్రి వేళ మాత్రం చివరి పది కిలోమీటర్లే కష్టం. ఒకసారి మా అక్క కుటుంబం అర్ధరాత్రి దిగితే, ఒక ఆటో డ్రైవరు తిరుపతికి అడిగిన మొత్తం నా నెల సీజన్ టికెట్ ధరను మించింది. పిల్లలతో సహా మా ఇంటికే వచ్చి పడుకుని, పొద్దున్నే రైలులో పది నిమిషాల్లో తిరుపతికి వెళ్లిపోయారు. రాత్రి వచ్చే బంధువులకు ఇప్పటికీ నేను చెప్పేది అదే మార్గం.