పిన్నీసు మోటారు నుంచి రోబో కారు దాకా: చిన్న తరగతుల సైన్స్ వర్క్‌షాపుల్లో ఏది పనికొస్తుంది?

వేసవి సెలవులు రాగానే అపార్ట్‌మెంట్ల నోటీసు బోర్డుల మీద సైన్స్ వర్క్‌షాపుల కరపత్రాలు వెలుస్తాయి. పైన రోబో బొమ్మ, పక్కన రాకెట్, కింద ఫీజు. లోపల మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో చేయించేవి మాత్రం చాలా చోట్ల అవే ఐదారు పనులు. అందుకే ఈ సమీక్ష నిర్వాహకుల మీద కాదు, ఆ పనుల మీద. కొలబద్ద ఒక్కటే: చేసిన వస్తువు మొదటిసారి పనిచేయనప్పుడు, లోపం ఎక్కడుందో పిల్లలు తమంతట తాము వెతికి సరిచేసుకోగలరా లేదా?

ఆ లెక్కన మొదటి మార్కు పిన్నీసు మోటారుకే. ఖర్చు అన్నిటికంటే తక్కువ, నేర్పేది అన్నిటికంటే ఎక్కువ. టార్చిలైటులో వేసే పెద్ద సెల్లు ఒకటి, పెద్ద పిన్నీసులు రెండు, చిన్న రింగు అయస్కాంతం ఒకటి, సైకిల్ ట్యూబు నుంచి అడ్డంగా కోసిన రబ్బరు పట్టీ, ఎనామిల్ పూత ఉన్న 24 గేజ్ రాగి తీగ మీటరుంపావు. తీగ కోసం ఆన్‌లైన్‌లో వెతకక్కర్లేదు, బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపులో తూకానికి ఇస్తారు. కాలిపోయిన మోటారులోంచి ఊడదీసిన తీగ మాత్రం వద్దు. దాని పూత మాడి అక్కడక్కడా లేచిపోయి ఉంటుంది, చుట్లు ఒకదానికొకటి తగిలిన చోట కరెంటు దగ్గరిదారి పడుతుంది.

తీగను ఆ సెల్లు చుట్టూనే పది చుట్లు చుట్టి మెల్లగా బయటికి లాగాలి. రెండు కొసలనూ ఎదురెదురు వైపుల నుంచి చుట్ల మీదుగా రెండేసి మెలికలు వేసి బిగించి, చెరో నాలుగు సెంటీమీటర్లు నిటారుగా వదలాలి. పిన్నీసులను సెల్లు రెండు చివరలా నిలబెట్టి రబ్బరు పట్టీతో బిగిస్తే, వాటి చివర ఉండే చిన్న రంధ్రాలే ఈ తీగ చుట్ట, అంటే కాయిల్, కొసలు దూరి తిరిగే బేరింగులు. అయస్కాంతం సెల్లు మీద, కాయిల్‌కు సరిగ్గా కింద ఉండాలి. రేకు తొడుగు ఉన్న సెల్లయితే అదే అతుక్కుంటుంది, లేకపోతే దానికీ ఒక పట్టీ వేయాలి.

ఇక అసలు కిటుకు పూత గీకడంలో ఉంది. ఒక కొసను గరుకు కాగితంతో చుట్టూ గీకి రాగి మెరిసేలా చేయాలి. రెండో కొసను సగమే గీకాలి. ఏ సగం అన్నదగ్గరే చాలామంది తప్పుతారు. కాయిల్‌ను చేతి గాజును అంచు మీద నిలబెట్టినట్టు నిలువుగా పట్టుకుని, కొస పైభాగం మాత్రమే గీకాలి. బల్ల మీద పడుకోబెట్టి గీకితే మోటారు కాస్త ఊగి ఆగిపోతుంది. కారణం ఇదీ: కింద ఉన్న అయస్కాంతం తోపు కాయిల్ నిలువుగా ఉన్నప్పుడు గరిష్ఠం, అడ్డంగా పడుకున్నప్పుడు సున్నా. ఆ అడ్డం స్థానం దాటితే తోపు దిశ తిరగబడి కాయిల్‌ను వెనక్కి లాగుతుంది. కాబట్టి నిలువుకు అటూ ఇటూ ఉన్న అర చుట్టులోనే కరెంటు అందాలి. మిగతా అర చుట్టు పూత అడ్డుపడి కరెంటు ఆగి, కాయిల్ తన ఊపుతోనే దాటేస్తుంది. రెండు కొసలూ పూర్తిగా గీకిన పిల్లల కాయిల్ గడియారం లోలకంలా ఊగడం చూస్తే ఇదంతా బోర్డు మీద గీయకుండానే అర్థమవుతుంది. మంచి వర్క్‌షాపులో ఇద్దరు ముగ్గురి చేత కావాలనే అలా చేయించి, పక్కవాళ్ల మోటారుతో పోల్చమంటారు.

తిరగకపోతే వెతకాల్సిన వరుస కూడా పిల్లలకు నోటికొచ్చేయాలి. కాయిల్‌ను వేలితో తిప్పి వదిలితే ఎప్పుడూ ఒకే వైపు కిందికి వచ్చి ఆగుతోందా? బరువు సమంగా లేదు, కొసలను మధ్యకు జరపాలి. చేత్తో తిప్పుతుంటే ఎక్కడా కొంచెమైనా లాగినట్టు అనిపించడం లేదా? పూత ఇంకా మిగిలి ఉంది, లేదా పిన్నీసు సెల్లు కొసకు సరిగ్గా ఆనలేదు. ఒక వైపు తిప్పితే ఆగిపోతోందా? రెండో వైపు తిప్పి చూడాలి. ఇంత పొట్టి రాగి తీగ నిరోధం ఓము పదో వంతు కూడా ఉండదు, అంటే సెల్లును దాదాపు షార్టు చేసినట్టే. అర నిమిషం తిప్పి కాయిల్ తీసి పక్కన పెట్టాలి, లేకపోతే సెల్లు, పిన్నీసులు చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. ఆల్కలైన్ సెల్లు కన్నా మామూలు జింక్ కార్బన్ సెల్లే ఇక్కడ నయం, అది అంత కరెంటు ఇవ్వలేదు. రీచార్జ్ చేసే లిథియం సెల్లు ఈ బల్ల మీదికి రాకూడదు, అంతే.

పారేసే వస్తువులతో సైన్స్ చెప్పే ఈ పద్ధతిని దేశంలో ఊరూరా తిప్పిన వాళ్లలో అరవింద్ గుప్తా ముందుంటారు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, ట్రక్కుల ఫ్యాక్టరీ ఉద్యోగం చేస్తూ, 1978లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమానికి వెళ్లి, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలకు అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు కట్టించడంతో మొదలుపెట్టారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. మన వైపు కుప్పం దగ్గర ప్రాంగణం ఉన్న అగస్త్య ఫౌండేషన్ 1999 నుంచి పనిచేస్తోంది, ప్రయోగ సామగ్రి వేసుకున్న వాహనాలను పల్లె బడులకు పంపుతుంది. అంటే వేల రూపాయల కిట్టు లేనిదే సైన్స్ వర్క్‌షాపు జరగదన్న మాట కరపత్రాలు పుట్టించిందే.

మూడో తరగతి వాళ్లకు మోటారు కాస్త కష్టం, వేళ్లకు అంత పట్టు రాదు. వాళ్లకు కరెంటు పారే ఉప్పు పిండి. అమెరికాలోని మిన్నెసోటాలో సెయింట్ థామస్ విశ్వవిద్యాలయం వాళ్లు పేరు తెచ్చిన పద్ధతి ఇది, కానీ సామానంతా మన వంటింట్లోదే. మైదా కప్పున్నర, ఉప్పు పావు కప్పు, నీళ్లు కప్పు, నిమ్మరసం తొమ్మిది టేబుల్ స్పూన్లు, నూనె ఒక స్పూను. సన్నని మంట మీద కలుపుతూ ఉంటే గిన్నె అంచులు వదిలి ముద్దవుతుంది. చల్లారాక ఇంకో గుప్పెడు మైదా జల్లి పూరీ పిండిలా మర్దించాలి. దీంట్లో కరెంటు పారుతుంది. పారని పిండి వేరే: మైదా కప్పున్నర, చక్కెర అర కప్పు, నూనె మూడు స్పూన్లు, నీళ్లు అర కప్పు దాకా కొద్దికొద్దిగా పోస్తూ, పొయ్యి ఎక్కించకుండా. ఈ రెండోదానికి కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వాడితే వాటిలోని లవణాల వల్ల అది కూడా కొంత కరెంటును పోనిస్తుంది, ప్రయోగం పాడు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొంటే చాలు. రెండు ముద్దలకూ వేర్వేరు రంగులు వేయకపోతే పది నిమిషాల్లో ఏది ఏదో పెద్దవాళ్లకే తెలియదు.

నాలుగు డబుల్-ఏ సెల్లుల పెట్టె, అంటే ఆరు వోల్టులు. దాని తీగలు చెరో ఉప్పు ముద్దలో గుచ్చి, ఎల్‌ఈడీ కాళ్లు రెండు ముద్దల మధ్య వంతెనలా దించితే వెలుగుతుంది. వెలగకపోతే తిప్పి గుచ్చాలి, పొడుగు కాలు ప్లస్ వైపు ఉండాలి. రెండు ముద్దలూ అంటుకోగానే ఆరిపోతుంది. మధ్యలో చక్కెర ముద్ద ఇరికిస్తే మళ్లీ వెలుగుతుంది. షార్ట్ సర్క్యూట్ అన్న మాట పాఠంలో పదిసార్లు చెప్పినా రానంత స్పష్టంగా ఇక్కడ వేళ్లకు తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎల్‌ఈడీని సెల్లుల పెట్టె తీగలకు నేరుగా తగిలిస్తే క్షణంలో మాడిపోతుంది. పిండి నిరోధమే దానికి రక్ష. పని అయ్యాక ఎల్‌ఈడీ కాళ్లు కడిగి తుడవకపోతే ఉప్పుకు మర్నాటికే చిలుము పడతాయి. పిండి తినేదిలాగే కనిపిస్తుంది, నోట్లో పెట్టుకోవద్దని ముందే చెప్పాలి.

రాగి టేపు, ఎల్‌ఈడీ, బటన్ సెల్లు అతికించి చేసే వెలిగే గ్రీటింగ్ కార్డు అందరికీ నచ్చుతుంది, ఇంటికి పట్టుకెళ్లి చూపించుకోవచ్చు కాబట్టి తల్లిదండ్రులకు ఇంకా నచ్చుతుంది. మధ్యరకం మార్కులు ఇస్తాం. మలుపు దగ్గర రాగి టేపును కోసి ఇంకో ముక్క అతికిస్తే చాలాసార్లు వెలగదు, ఎందుకంటే కింది జిగురులో కరెంటు సరిగా పారదు. కోయకుండా మడిచి తిప్పాలి. ఎరుపు ఎల్‌ఈడీ, నీలం ఎల్‌ఈడీ పక్కపక్కన ఒకే సెల్లుకు పెడితే నీలం వెలగదు: ఎరుపుకు రెండు వోల్టులు చాలు, నీలానికి దాదాపు మూడు కావాలి, ఎరుపు వోల్టేజీని కిందికి లాగేస్తుంది. ఇదీ మంచి పాఠమే. మనసు ఒప్పనిది బటన్ సెల్లు దగ్గర. ఇందులో వాడే సీఆర్2032 రకం సెల్లు రూపాయి బిళ్లంత ఉంటుంది. మింగితే అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. ఇంట్లో రెండేళ్ల తమ్ముడో చెల్లో ఉంటే ఆ కార్డు ఇంటికి పంపడమే తప్పు. మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, వాంతి చేయించకూడదు. రెండు డబుల్-ఏ సెల్లుల పెట్టెతో అదే మూడు వోల్టులు వస్తాయి. కాకపోతే బటన్ సెల్లు తన లోపలి నిరోధంతో కరెంటును తగ్గిస్తుంది, డబుల్-ఏ తగ్గించదు, కాబట్టి ఎరుపు ఎల్‌ఈడీకి 100 ఓముల రెసిస్టర్ ఒకటి వరుసలో పెట్టాలి. ఒక్క రూపాయి రెసిస్టర్ కోసం బద్ధకించే నిర్వాహకుడు మిగతా జాగ్రత్తలు తీసుకుంటాడని నమ్మలేం.

కరపత్రం మీద బొమ్మ వేసే రోబో కారు ఈ వయసుకు దండగ. అక్రిలిక్ పలక, రెండు పసుపు గేరు మోటార్లు, ప్రోగ్రాం ఎక్కించే ఆర్డుయినో బోర్డు, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ డ్రైవరు, శబ్దంతో అడ్డంకి దూరం కొలిచే, ముందు రెండు కళ్లలాంటి అల్ట్రాసోనిక్ సెన్సరు, పదిహేను దాకా జంపర్ తీగలు. ఎనిమిదేళ్ల పిల్ల ఇందులో చేసేది మరలు బిగించడం. తీగలు కలిపేది, ముందే రాసిన ప్రోగ్రాం ఎక్కించేది వాలంటీర్లు. పైగా కిట్టుతో చాలాసార్లు తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ ఇస్తారు. మోటార్లు లాగే కరెంటు అది ఇవ్వలేదు, పైగా డ్రైవరు తనకని రెండు వోల్టుల దాకా మింగేస్తుంది, కారు కదలబోయిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అవుతుంది. అప్పుడు ఏం చూడాలో పిల్లలకు తెలియదు, తెలిసే దారి కూడా లేదు. ఏడు, ఎనిమిది తరగతుల్లో చేస్తే బాగుంటుంది.

ప్రోగ్రామింగ్ కావాలంటే నాలుగైదు తరగతుల వాళ్లకు మైక్రోబిట్. బ్రిటన్‌లో 2016లో బడిలో ఏడో ఏడాది చదివే (11-12 ఏళ్ల) విద్యార్థులందరికీ ఉచితంగా పంచిన బోర్డు ఇది. 25 చిన్న ఎల్‌ఈడీలు, రెండు బటన్లు, కదలికను పసిగట్టే సెన్సరు ఉంటాయి. 2020లో వచ్చిన రెండో వెర్షన్‌కు మైకు, స్పీకరు చేరాయి. మన దగ్గర ధర రెండు వేలకు అటూ ఇటూగా ఉంటుంది, ఇద్దరికి ఒకటి చాలు. కంప్యూటర్ తెర మీద ఆదేశాల దిమ్మెలు జరిపి ప్రోగ్రాం కూర్చే మేక్‌కోడ్‌లో పాచిక చేయిస్తారు: ఊపగానే ఏదో ఒక అంకె. అంకెను ఎంచే దిమ్మెలో సున్నా నుంచి పది అని ముందే ఉంటుంది. దాన్ని ఆరుకు మార్చి, సున్నాను ఒకటికి మార్చడం మరిచిపోతారు, పాచిక సున్నా పడుతుంది. మంచి శిక్షకులు దాన్ని ముందే చెప్పరు, పడేదాకా ఆగుతారు. రేడియోతో రెండు బోర్డులు మాట్లాడుకునే ఆట పెడితే బల్లకో గ్రూపు నంబరు ఇవ్వాలి. 0 నుంచి 255 దాకా ఏదైనా పెట్టుకోవచ్చు. అందరూ 1 పెట్టుకుంటే పక్క బల్ల సందేశాలన్నీ ఈ బల్ల మీదే వచ్చి పడతాయి.

ఇక్కడ సమయం తినేది ప్రోగ్రాం కాదు, కేబుళ్లు. ఫోను చార్జర్లతో వచ్చే యూఎస్‌బీ కేబుళ్లలో కొన్నిట్లో డేటా తీగలే ఉండవు. బోర్డు దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌కు మాత్రం కనిపించదు. అన్ని కేబుళ్లనూ ముందురోజే గుచ్చి చూసి, పనికొచ్చేవాటికి రంగు టేపు చుట్టి పెట్టుకున్న చోట క్లాసు సమయానికి మొదలవుతుంది.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి నాలుగు మాటలు. ఎంతమంది పిల్లలకు ఒక పెద్దవాళ్లు? ఆరుగురికి ఒకరు లేకపోతే గరుకు కాగితం దశలోనే గందరగోళం. ఒక్కో పనికి ఎంతసేపు? మోటారుకు గంటన్నర ఇవ్వాలి, నలభై నిమిషాలు అంటున్నారంటే ముందే గీకిన కాయిల్ ఇస్తారని అర్థం. సోల్డరింగ్ ఐరన్, గ్లూ గన్ ఎవరి చేతిలో ఉంటాయి? చివరిది, ఇంటికి ఏం ఇస్తారు? సర్టిఫికెట్ కన్నా పనికొచ్చేది మీటరుంపావు కొత్త తీగ, ఒక గరుకు కాగితం ముక్క. చేసిన కాయిల్‌ను మాత్రం ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టించండి, సంచిలో పడేస్తే ఇంటికొచ్చేసరికి కొసలు వంగిపోతాయి.