దుబాయి లేఓవర్ల అన్నను కలిసొచ్చిన

మా అన్న దుబాయిల, నేను డాలస్‌ల. ఆరేండ్ల సంది ఫోన్ల తప్ప ఒకరి మొఖం ఒకరం చూసుకోలే. ఆయనకు రెండేండ్లకోసారి లీవు, అదిగూడ కంపెనీ ఇచ్చినప్పుడు, నాకేమో డిసెంబర్ల మూడు వారాలు, ఆ రెండు ఎన్నడూ కలువయి. ఆయన ఊరికొచ్చి పోయినంక నేను పోత, నేను పోయినంక ఆయన వస్తడు, మా అవ్వ అయితే "మీరిద్దరు వంతులేసుకున్నర్రా" అంటది. అందుకే ఈసారి జగిత్యాల పోయేటందుకు ఎమిరేట్స్ టికెట్ దుబాయి మీదికెళ్లి తీసుకొని, మధ్యల చిన్న గ్యాప్ ఫ్లైట్ ఉన్నా వద్దనుకొని, పగలు పదకొండున్నరకు దిగి రాత్రి పదికి ఎక్కేది పెట్టుకున్న. ఆదివారం పడేటట్టు చూసుకున్న, ఆ రోజే అన్నకు ఛుట్టీ.

ముందుగాల వీసా ముచ్చట, ఇది శానామంది అడుగుతరు. మన ఇండియన్ పాస్‌పోర్ట్ మీద అమెరికా వీసాగానీ గ్రీన్ కార్డ్ గానీ కనీసం ఆరు నెలలు మిగిలి ఉంటే దుబాయిల దిగినంక 14 రోజుల వీసా అక్కడనే ఇస్తరు, దానికి ఫీజు ఉంటది. ఇమిగ్రేషన్ లైన్ల నిలబడకముందే పక్క కౌంటర్‌ల పైసలు కట్టాలె, నాకు తెల్వక పెద్ద లైన్ల ఇరవై నిమిషాలు నిలబడి మళ్ల ఎనుకకు వచ్చిన. అమెరికా వీసా లేనోళ్లయితే 48 గంటల ట్రాన్సిట్ వీసా ఫ్రీ, 96 గంటలదైతే 50 దిర్హాములు, గని అది దిగినంక ఇయ్యరు, ఎయిర్‌లైన్ నుంచి ముందే చేసుకోవాలె. ఇంకోటి, పొడుగు లేఓవర్‌కు ఎమిరేట్స్ వాళ్లు హోటల్ ఇస్తరని విని ఆశపడ్డ గని, అది అంతకన్న దగ్గరి కనెక్షన్ లేనోళ్లకే, నా లెక్క కావాలని పొడుగుది తీసుకున్నోళ్లకు కాదు. న్యాయమే.

బయటికొచ్చేసరికి పన్నెండున్నర. ఎయిర్‌పోర్ట్ వైఫై మంచిగనే ఉంది గని అన్నకు వాట్సాప్ కాల్ కొడితే పోతలేదు, అప్పుడు యాదికొచ్చింది దుబాయిల వాట్సాప్ కాల్స్ నడువయని. ఆయన మాతోని మాట్లాడేది అందుకే బోటిమ్ అనే యాప్‌ల. నేనేమో డాలస్‌ల కొత్త ఫోన్ తీసుకొని బోటిమ్ ఎక్కించుడే మర్చిపోయిన. మెసేజ్ పెట్టిన, "బయట ఉన్న" అని. ఆయన పెట్టిండు, "నేనూ బయటనే ఉన్న" అని. అర్ధగంట ఇద్దరం బయటనే ఉన్నం. సంగతేందంటే ఆయన ఇండియాకు పోయేటి ఫ్లైట్లు ఎప్పుడూ టెర్మినల్ 1 నుంచి, అలవాటు కొద్ది మెట్రోల టెర్మినల్ 3 దాటుకొని 1 ల దిగి నిలబడ్డడు. ఒక్క స్టేషన్ తేడా. కాబట్టి ఎవర్నన్న రమ్మంటే "ఎయిర్‌పోర్ట్‌కు రా" అనకుండ్రి, టెర్మినల్ నంబర్ చెప్పుండ్రి.

వచ్చిండు. జుట్టుకు కొత్తగ రంగేసిండు, చెవుల కాడ ఇంకా నల్ల మరక పోలే. చేతుల ఒక పెద్ద జిప్ కవర్, అందుల బ్లాంకెట్, పులి బొమ్మది, గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి మనిషి తెచ్చేటిది. ఇంకో చేతుల టిఫిన్ డబ్బా. నన్ను చూసుడుతోనే "ఇంత బక్కగైనవేంది తమ్మీ" అన్నడు, నేను ఆరేండ్లల్ల పదకొండు కిలోలు పెరిగిన.

ఇగ యాడ కూసోవాలె? అసలు సమస్య ఇదే, లేఓవర్ల కలిసేటోళ్లకు ముఖ్యంగ చెప్పాల్సింది గూడ ఇదే. ఎయిర్‌పోర్ట్ లోపల హోటల్ ఉంది గని దాంట్లకు అన్న రాలేడు. అన్న ఉండే సోనాపూర్ లేబర్ క్యాంపుకు నేను పోలేను, పోయినా ఆరుగురి రూముల యాడ కూసుంటం. అందుకే అల్ రిగ్గా స్టేషన్ కాడ ఒక చిన్న హోటల్ల రూము బుక్ చేసిన. టాక్సీ అక్కర్లేదు, మెట్రో టెర్మినల్ 3 కాడనే ఉంటది. మెట్రో టికెట్ లెక్క వాడే సిల్వర్ నోల్ కార్డ్ 25 దిర్హాములు, అందుల 19 బ్యాలెన్స్, టాక్సీ ఎక్కితే ఆ పైసలు మీటర్ మొదలుకే పోతయి. ఒక్కటే, మెట్రోల ఏం తినొద్దు తాగొద్దు, 100 దిర్హాముల ఫైన్. నేను డబ్బా మూత మీద చెయ్యి పెట్టిన్నో లేదో అన్న నా చెయ్యి మీద కొట్టిండు.

ఆ హోటల్ పేరు చెప్ప గని, దాంట్ల దిగకుండ్రి అని మాత్రం చెప్త. బుకింగ్ల "ఎర్లీ చెకిన్ ఉంది" అని రాసి ఉంది, పోయినంక మూడు గంటలకే అన్నరు, ముందుగ కావాలంటే ఎక్స్‌ట్రా అన్నరు, ఇంకో మనిషి ఐడీ చూపించమని అన్న కార్డ్ అడిగి అటు తిప్పి ఇటు తిప్పి చూసిండ్రు, నా పాస్‌పోర్ట్ అయితే అంతసేపు చూడలే. లాబీల గంట సేపు కూసున్నం. అన్న అప్పటికే నాలుగుసార్లు "పైసలు దండుగ, పార్కుల కూసుందుము" అన్నడు.

రూముల డబ్బా మూత రాలేదు. కూర కారొద్దని చుట్టూ ప్యాకింగ్ టేపు ఏసిండు, సైట్ మీద పైపులకు ఏస్తరు సూడు, ఆ సిల్వర్ టేపు. గోర్లతోని రాలే, ఆఖరికి తాళంచెవితోని కోసినం. కోడికూర, పచ్చిపులుసు, అన్నం. తెల్లారి నాలుగింటికి లేచి వండిండట, తోటి రూములోళ్లు లేవకముందే పొయ్యి దొరుకుతదని. డాలస్‌ల మేం పచ్చిపులుసుల చింతపండు గుజ్జు డబ్బాది పోస్తం, ఇది నానబెట్టి పిసికింది, ఉల్లిగడ్డ సన్నగ, ఎండుమిరప కాల్చి నలిపింది. ఊరి తిండి తిని రెండేండ్లయింది నాకు. తిన్నంక చెయ్యి కడుక్కొచ్చేసరికి, పైసలు దండుగ అన్న మనిషి ఆ తెల్ల దుప్పటి మీద బోర్ల పడి నిద్రపోతుండు. లేపలే. నలభై నిమిషాలు. నేను స్నానం చేసి కుర్చీల కూసుండి ఆయన మడిమలు చూసుకుంట కూసున్న, పగిలి తెల్లగైనయి. హోటల్ చెడ్డదే, గని మళ్ల పోతే రూము మాత్రం తీసుకుంట, వేరే దాంట్ల.

సాయంత్రం గోల్డ్ సూక్, అంటే బంగారం బజారు. యూనియన్‌ల గ్రీన్ లైన్‌కు మారితే గోల్డ్ సూక్ పేరు మీదనే స్టేషన్ ఉంది. నా బిడ్డ లెక్కనే చూసుకునే అన్న కూతురికి కమ్మలు తీసుకున్నం. బంగారం రేటు అందరి బోర్డు మీద ఒక్కటే, బేరం చేసేది మేకింగ్ చార్జి మీద, అన్న హిందీల, మలయాళంల, మధ్యల తెలుగుల తిట్లతోని సగానికి తెచ్చిండు. బిల్లు మాత్రం మీ పాస్‌పోర్ట్ మీద చేపియ్యుండ్రి, 250 దిర్హాములు దాటితే టూరిస్టులకు 5 శాతం వ్యాట్‌ల ఎక్కువ భాగం వాపసొస్తది, అక్కడుండేటోళ్లకు రాదు. పైసలెవరు కట్టాలని కౌంటర్ ముందట ఇద్దరం కొట్లాడినం, సేటు నవ్విండు. నన్ను చదివించింది ఆయన ఓవర్‌టైమ్ పైసలే, ఇగ నేనేం గెలుస్త.

అక్కడికెళ్లి అబ్రా, అంటే మరపడవ, ఒక్క దిర్హాము, క్రీక్, అంటే ఊరి నడిమి సముద్రపు పాయ, దాటి బర్ దుబాయి. ఈ ట్రిప్పుల అన్నిట్లకంటె అగ్గువది అన్నిట్లకంటె మంచిది ఇదే. డిసెంబర్ గాబట్టి గాలి సల్లగుంది, ఎండకాలం పోయేటోళ్లు నా మాట విని పగటిపూట బయట తిరగకుండ్రి. బుర్జ్ ఖలీఫా నేను చూడలే, అన్న పన్నెండేండ్ల సంది ఉండి గూడ ఎక్కలే, మా ఇద్దరికీ ఆ ముచ్చటే రాలే. అవతలి ఒడ్డుకు కరక్ చాయ్ తాగుకుంట బాపు మోకాళ్ల గురించి మాట్లాడినం, ఆపరేషన్ హైదరాబాద్‌లనా కరీంనగర్‌లనా అని. ఆరేండ్ల నుంచి ఫోన్ల తెగని ముచ్చట పది నిమిషాలల్ల తెగింది.

బ్లాంకెట్ ముచ్చట మిగిలింది. నా పెద్ద బ్యాగులు డాలస్‌ల ఏసినయి సక్కగ హైదరాబాద్‌కే పోతయి, చేతుల బ్యాగు ఏడు కిలోలకు మించొద్దు. ఎంత ఒత్తినా పులి పట్టలే. "కార్గోల పంపుత తియ్" అన్నడు గని మొఖం చిన్నగైంది. గొడ్డలి తైలం, అంటే నొప్పులకు రాసుకునే యాక్స్ ఆయిల్, సీసలు మాత్రం ఆరు పట్టినయి, చిన్నయే గాబట్టి సెక్యూరిటీల గూడ ఏమనలే.

తిరిగి మెట్రోల టెర్మినల్ 3 ముందుగాల వస్తది, ఆయన రషీదియా దాక పోయి బస్సెక్కాలె, ఇప్పుడు ఆ స్టేషన్‌కు సెంటర్‌పాయింట్ అని పేరు గని మనోళ్లు మార్చుకోలే. స్టేషన్ వస్తుందనంగ నా నోల్ కార్డ్ ఆయన జేబుల పెట్టిన, ఇంకా బ్యాలెన్స్ ఉంది, ఐదేండ్లు నడుస్తది. వద్దు వద్దు అనుకుంటనే తీసుకున్నడు. తలుపులు పడ్డయి, అద్దం ఎనుక బ్లాంకెట్ సంకల పెట్టుకొని చెయ్యి ఊపిండు, బండి పోయింది. నేను గేటు కాడికొచ్చి జేబుల చెయ్యి పెడితే అప్పుడు తెలిసింది, కార్డ్ లేకుండ బయటికి పోనియ్యరని. అక్కడున్న స్టేషనాయనకు వచ్చిరాని హిందీల మొత్తం చెప్పిన, అన్న, బ్లాంకెట్, ఆరేండ్లు, అన్నీ. ఆయన ఒక్క ముక్క గూడ పట్టించుకోకుండ మళ్ల టికెట్ పైసలు కట్టించుకొని గేటు తీసిండు.