ఎత్తు మార్చుకునే కుర్చీ: మారడం మానేశాకే నా నడుం కుదుటపడింది

ఈ ఆఫీసు కుర్చీ కొన్న కొత్తలో అడిగిన ప్రతివాళ్లకీ కళ్లు మూసుకుని కొనుక్కోండి అనే చెప్పాను. వీపుకి మెష్ అనే జాలీ గుడ్డ, నడుం దగ్గర దిండు, తలకి ఆసరా, ఇవన్నీ అమ్మేవాళ్ల పేజీలోనే ఉంటాయి కాబట్టి మళ్లీ రాయను. నా గొడవంతా సీటు కింద కుడిచేతి వైపు ఉండే లివర్‌తోనే. ఎత్తు పెంచేదీ తగ్గించేదీ అదే, బొమ్మలో బాణం గుర్తు పెట్టి మరీ చూపించేది కూడా దాన్నే.

మాది పాలకొల్లు. ఇంట్లో కూర్చునే రైస్ మిల్లులకీ, రొయ్యల మేత డీలర్లకీ జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెలలో రిటర్నుల గడువులు 11వ తేదీ ఒకటి, 20వ తేదీ ఒకటి, ఆ రెండిటి ముందూ కుర్చీలోంచి లేచే పని ఉండదు, టీ కూడా అక్కడికే వస్తుంది.

కుర్చీ ఒక అంగుళం అటూ ఇటూ అయితే ఏమవుతుంది అనుకునేవాళ్లకి నా లెక్క చెబుతాను. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. బజార్లో దొరికే టేబుళ్లన్నీ దాదాపు 30 అంగుళాల ఎత్తులోనే ఉంటాయి, మనిషిని బట్టి టేబుల్ చేసేవాడెవడూ లేడు కదా. నా మోచేతులు కీబోర్డు మట్టానికి రావాలంటే సీటు 20 అంగుళాల పైమాటే ఉండాలి. అంత ఎత్తులో కూర్చుంటే పాదాలు నేలకి అందవు, తొడల కింద సీటు అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అందుకని పాదాల కింద మా అత్తగారి పాత పీట వేసుకున్నాను. పైన మోచేతులు, కింద పాదాలు, రెండూ కుదిరాక నడుం దానంతటదే నిటారుగా నిలబడింది. వీపు వంచకు, సరిగ్గా కూర్చో అని చిన్నప్పట్నుంచీ చెప్పించుకున్నదంతా ఒక ఎత్తు, ఈ కొలత కుదరడం ఒక ఎత్తు.

ఆ కొలతని నిలబెట్టాల్సిన లివరే ముంచింది.

మొదట్లో తెలియలేదు. పొద్దున్న సరిగ్గా కూర్చుంటే భోజనాల వేళకి మెడ పట్టేసేది, ఏసీ గాలేమో అనుకున్నాను. ఒక 20వ తేదీన పోర్టల్ తిరుగుతూ ఉంది, ఓటీపీ రాదు, తణుకు మిల్లాయన ఫోను మీద ఫోను. ఆ టెన్షన్‌లో చూసుకుంటే టేబుల్ అంచు నా ముంజేతుల్ని కోస్తోంది, భుజాలు చెవుల దాకా ఎక్కి ఉన్నాయి. కాలవ లాకులో నీళ్లు వదిలితే పడవ దిగినట్టు కుర్చీ చప్పుడు లేకుండా దిగిపోయింది. లేచి లివర్ లాగితే పైకొచ్చింది. కూర్చున్నాను, ఒక రిటర్ను కొట్టేలోపు మళ్లీ దిగింది. ఇక ఆ రాత్రంతా లేవడం, లాగడం, కూర్చోవడం. చివరికి సీటు మీద రెండు దిళ్లు వేసుకుని ఫైలింగ్ పూర్తి చేశాను, మర్నాడు తల ఇటు తిప్పితే అటు తిరగలేదు.

కంపెనీ వాళ్లకి ఫోన్ చేస్తే వీడియో పంపమన్నారు. ఖాళీ సీటు దిగదండీ, మనిషి కూర్చుంటేనే దిగుతుంది, అదీ నెమ్మదిగా. మావాడు ఫోన్ పట్టుకుని నిలబడి నిలబడి విసుక్కున్నాడు. తీరా పంపితే మీ పిన్‌కోడ్‌కి టెక్నీషియన్ రాడు, అసలు పెట్టెలో ప్యాక్ చేసి వెనక్కి పంపండి అన్నారు. ఆ పెట్టె అప్పటికే పాతపేపర్లవాడికి వెళ్లిపోయింది. అంత పెట్టెని ఇళ్లలో ఎవరు దాచుకుంటారు? వారంటీ కాగితం మటుకు భద్రంగా ఉంది.

మా ఆయన వెల్డింగ్ పెట్టించేద్దాం అన్నారు. షాపాయన కుర్చీని తిరగేసి చూసి చెయ్యి వెయ్యనన్నాడు. "లోపల గ్యాసు ప్రెషర్ మీద ఉంటదండి. సెగ తగిలితే పేలిపోద్ది. ఈ పని మటుకు నాకు చెప్పకండి." ఆయన మాట నిజం. సీటుని కింద నిలువుగా మోసే కడ్డీ లోపల నైట్రోజన్ గ్యాస్ ఒత్తిడితో నింపి ఉంటుంది. లివర్ లాగితే చిన్న వాల్వు తెరుచుకుంటుంది, గ్యాస్ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంది, ఎత్తు మారుతుంది. వదిలితే మూసుకుని ఎక్కడున్నది అక్కడే ఆగాలి. లోపలి సీలు అరిగితే ఆగదు. దాన్ని కోయడం, డ్రిల్ వేయడం, కాల్చడం ఎవరూ చేయొద్దు.

గట్టెక్కించింది మా మరిది. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, ఇంటి వెనక ఎప్పుడు చూసినా పీవీసీ పైపు ముక్కలు పడే ఉంటాయి. "కుర్చీ దిగకూడదు, అంతేనా వదినా?" అని నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పీట మీద పాదాలు పెట్టించి, మోచేతులు కీబోర్డు దగ్గర ఆనించి, తను నేల మీద బోర్లా పడుకుని స్కేలుతో కొలిచాడు. కుర్చీ లేచినప్పుడు బయటికి కనిపించే సన్నటి మెరుపు కడ్డీ ఉంటుంది చూడండి, అది మూడంగుళాలకి కాస్త తక్కువొచ్చింది. కడ్డీకి సరిపడే పైపు వెతికి, హాక్సా బ్లేడుతో అంత ముక్క కోసి, నిలువునా ఒక చీలిక పెట్టి, విప్పి కడ్డీకి టక్కున తొడిగాడు. పైన సీటు, కింద లావు గొట్టం, మధ్యలో పైపు ముక్క. ఇక దిగడానికి చోటేది?

మొదటి రెండ్రోజులు కుర్చీ తిప్పినప్పుడల్లా కీచుమంది, కొబ్బరినూనె రాశాక ఊరుకుంది. అప్పట్నుంచీ ఎన్ని 20వ తేదీలు గడిచాయో, వెంట్రుకవాసి కూడా దిగలేదు. మావాడు స్కూల్నుంచి రాగానే లివర్ లాగి ఊగే ఆట కూడా ఆగింది. పొద్దున్నే నా ఎత్తు నేను వెతుక్కునే పని పోయింది. డబ్బిచ్చి కొన్న ఫీచరు చచ్చిపోయాక ఇంత సుఖంగా ఉంటుందని ఏ సమీక్షలోనూ చదవలేదు.

అయితే ఒక్క ఎత్తు కుదిరితే అన్నీ కుదిరినట్టు కాదు. భీమవరంలో నాకు మెడ చూసిన ఫిజియోథెరపిస్టమ్మ, కర్రలా బిగుసుకుని కూర్చోవడం కూడా మంచిది కాదు, అప్పుడప్పుడూ వెనక్కి వాలు, మధ్యమధ్యలో లేచి నడువు అని గట్టిగా చెప్పారు. జర్మనీలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక మనిషి నడుం డిస్కులో, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలో, సెన్సర్ పెట్టి కొలిచిన లెక్క కూడా ఆవిడే చూపించారు, 1999 నాటిది. నిలబడితే 0.5 మెగాపాస్కల్ ఒత్తిడి, కుర్చీలో జారగిలబడితే 0.27, కూర్చుని పూర్తిగా ముందుకి వంగితే 0.83. ఒక్క మనిషి మీద చేసిన కొలతే అనుకోండి, అయినా జారగిలబడడమంటే పాపం అన్నట్టు పెంచిన మనలాంటివాళ్లకి ఆశ్చర్యమే. నాకు చేటు చేసింది ముందుకి వంగడం అని అప్పుడర్థమైంది. వెనక్కి వాలే లివర్ వేరే ఉంది, దాన్ని మాత్రం ఇప్పుడు బాగానే వాడుతున్నాను. ల్యాప్‌టాప్ కింద పాత లెడ్జర్లు పేర్చి స్క్రీన్ కళ్ల మట్టానికి తెచ్చాను, కీబోర్డు విడిగా కొన్నాను. ఇవి చెయ్యకుండా కుర్చీ ఒక్కటే కొంటే ఎంత ఉపయోగమో చెప్పలేను.

కొత్తలో తెగ పొగిడిన నడుం దిండు సంగతి కూడా. అది పొడుగు మగవాళ్ల కొలతకి చేసినట్టుంది, ఎంత కిందికి దించినా నాకు నడుం దగ్గర కాక కాస్త పైనే తగులుతుంది. ఇప్పుడు దాని కింద చిన్న తువ్వాలు మడిచి పెడుతున్నాను. తల ఆసరా నా తలని ముందుకే తోస్తుంది, తీసి అటక మీద పెట్టేశాను. మెష్ మాత్రం మే నెల ఉక్కపోతలో, కరెంటు పోయినప్పుడు కూడా వీపు తడవనివ్వదు. కానీ మధ్యలో కాస్త సాగింది, ఇంకో వేసవికి ఎలా ఉంటుందో. చక్రాల్లో మా అత్తగారి లేసు దారాలు చుట్టుకుంటాయి, ఆవిడది లేసు అల్లికలకి పేరున్న నరసాపురం, సూది పక్కన పెట్టిన రోజుండదు. నెలకోసారి కత్తెర పట్టుకుని కూర్చోవాలి, అది కుర్చీ తప్పు కాదు.

కొనమంటారా అంటే, మీ ఎత్తు, మీ టేబుల్ ఎత్తు తెలియకుండా నేను చెప్పలేను. ఐదున్నర అడుగులు దాటినవాళ్లకి దిండూ తల ఆసరా రెండూ సరిపోవచ్చు, పీట అవసరం కూడా ఉండకపోవచ్చు. ఇంట్లో ఒకే కుర్చీని నలుగురు వాడేటట్టయితే నా పైపు వైద్యం పనికిరాదు, మా ఆయన కూర్చుంటే మోకాళ్లు టేబుల్‌కి తగులుతున్నాయని ఇప్పటికే సణుగుతున్నారు. రోజుకి గంటో రెండు గంటలో కూర్చునేవాళ్లకైతే ఇంత ఖర్చు దండగనే అంటాను. మా ఊరికి సర్వీసు మనిషి వచ్చే కంపెనీది దొరికితే, ఇంకో రెండు వేలు ఎక్కువైనా నేను అటే మొగ్గుతాను.

కొత్త గ్యాస్ కడ్డీ ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపే దొరికితే ఒకటి తెప్పించి ఉంచాను. పాతది ఊడదియ్యాలంటే పైపు రెంచీ, సుత్తి, మా మరిది, మూడూ ఒకేసారి దొరకాలి. పైపు ముక్క పగిలిన రోజు చూద్దాం.